పొట్టలో బల్ల అనుకున్నాం, గౌచర్ అంటున్నారు – జన్యు చికిత్స సంగతి తెలిసినోళ్ళు చెప్పండి

పీలేరు_మామ · శుక్రవారం రాత్రి 9.48

అందరికీ నమస్తే. ఇంతవరకూ ఈ వేదికలో మామిడి రేట్లు చూసుకోని పోయేవాణ్ణే గానీ ఒక్క ముక్క రాసింది లేదు. ఈ రోజు రాయక తప్పలేదు.

మా అక్క కొడుక్కి నాలుగేళ్ళు. ఏడాదిన్నరగా పొట్ట పెరుగుతా ఉంది, కాళ్ళూ చేతులూ మాత్రం జొన్న దంట్లు. చొక్కా తొడిగితే పొట్టకాడ గుండీ పట్టదు, భుజాలకాడ జారిపోతుంది. మొదట చూపించిన చోట రక్తం తక్కువన్నారు, ఐరన్ టానిక్కు రాసినారు. ఎనిమిది నెలలు తాగించినాం. ఇంకో చోట మలేరియా అన్నారు. మా అవ్వది ఒకటే మాట, "అది బల్లరా, వాతలు పెట్టిస్తే పోతుంది" అని. వాతలకు మేం ఒప్పుకోలేదు గానీ అవ్వ చెయ్యి పెట్టి చూపించిన చోటు తప్పు కాదు. పెరిగింది ప్లీహమే. చివరికి రక్తంలో ఎంజైమ్ పరీక్ష చేయిస్తే గౌచర్ అనే పుట్టుక జబ్బు అని తేలింది.

ఇప్పుడు మా చుట్టాల గ్రూపులో ఒక మెసేజు తిరుగుతా ఉంది. "వేలూరులో జన్యు చికిత్స మొదలైంది, ఒక్క ఇంజెక్షన్‌తో పుట్టుక జబ్బులన్నీ మాయం" అని. దాన్ని చూసి మా బావ రెండెకరాల తోతాపురి తోట బేరం పెట్టేసినాడు. అక్కకి మొన్ననే మూడో నెల పడింది. ఆ పుట్టబోయే బిడ్డ సంగతి ఏమో కూడా తెలియదు. ఎవరైనా నిజం చెప్పండి.

మదనపల్లె_టమోటా · రాత్రి 10.05

అన్నా, ముందు ఆ తోట బేరం ఆపు. అడ్వాన్సు తీసుకోని ఉంటే రేపు పొద్దున్నే తిరిగిచ్చేయ్. మిగతాది నిదానంగా మాట్లాడదాం.

కాట్పాడి_బస్సు · రాత్రి 10.31

నేను చిత్తూరు నుంచి వారానికి మూడు సార్లు వేలూరు పోయొస్తాను. ఆ మెసేజు మా గ్రూపులోనూ వచ్చింది. నిప్పు లేనిదే పొగ రాదు గానీ, ఈ పొగ వేరే ఇంట్లోది. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో చేసింది హీమోఫీలియా ఏ అనే జబ్బుకి, అంటే గాయమైతే రక్తం గడ్డ కట్టని జబ్బు. ఐదుగురికి చేసి 2024 డిసెంబరులో ఫలితాలు బయటపెట్టినారు. ఐదుగురూ పెద్దవాళ్ళే. అది ఇంజెక్షనూ కాదు. గౌచర్‌కి ఆడ అట్లాంటిది పెట్టి ఉంచలేదు.

ల్యాబ్_పిల్ల · రాత్రి 11.20

మామా, నేను తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తా ఉండాను. నా పని ఈస్టు కణాల మీద, మనుషుల మీద కాదు. డాక్టర్ని అసలే కాదు. కానీ లైసోజోమ్ నేను రోజూ చదివే విషయం కాబట్టి తెలిసినంత చెప్తాను.

కణం లోపల పాతబడిన సరుకును విరగ్గొట్టి మళ్ళీ వాడుకునే చిన్న సంచి ఉంటుంది. అదే లైసోజోమ్. 1955లో క్రిస్టియన్ డి డువ్ అనే బెల్జియం శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టినాడు. ఆ సంచిలో ఒక్కో సరుకును విరగ్గొట్టడానికి ఒక్కో ఎంజైమ్ ఉంటుంది. పుట్టుకతో ఏదో ఒక ఎంజైమ్ సరిగ్గా లేకపోతే ఆ సరుకు పేరుకుపోతుంది. అట్లాంటి జబ్బులు ఒక 70 దాకా ఉన్నాయి. ఒక్కొక్కటి అరుదే, అన్నీ కలిపితే అంత అరుదు కాదు. గౌచర్‌లో పనిచేయనిది గ్లూకోసెరెబ్రోసిడేజ్. ముసలివైన రక్తకణాలను మింగే మాక్రోఫేజ్ కణాలు ఆ రక్తకణాల పొరల్లోని ఒక రకం కొవ్వును అరిగించుకోలేక ఉబ్బిపోతాయి. అవి ఎక్కువగా ఉండేది ప్లీహం, కాలేయం, ఎముక మజ్జల్లో. అందుకే పొట్ట, అందుకే రక్తం తక్కువ. ఐరన్ టానిక్కు ఎన్ని నెలలు తాగినా తగ్గేది కాదు.

ఇంక మీ మెసేజు సంగతి. వేలూరులో వాడిన పద్ధతికీ లైసోజోమ్ జబ్బులకూ సంబంధం లేకపోలేదు. రోగి సొంత రక్త మూలకణాలను (రక్తకణాలన్నీ పుట్టేది వీటి నుంచే) బయటికి తీసి, కోరలు పీకేసిన లెంటీవైరస్ అనే ఒక రకం వైరస్‌తో మంచి జన్యువును వాటిలోకి ఎక్కించి, తిరిగి రోగికే ఇస్తారు. ఇటలీలోని మిలాన్‌లో లైసోజోమ్ జబ్బులకు చేస్తున్నదీ ఇదే. బండి అదే, సరుకు వేరు.

ఆ బండిని తయారు చేసినవాళ్ళలో ముఖ్యుడు లుయీజీ నాల్దీని. 1996లో అమెరికాలో ఉండగా, ఎయిడ్స్ తెచ్చే హెచ్‌ఐవీ నుంచే జబ్బు చేసే భాగాలు తీసేసి జన్యువును మోసే వాహనంగా మార్చి చూపించిన బృందం ఆయనది. ఆ బృందంలో మన దేశంలో పుట్టిన ఇందర్ వర్మ కూడా ఉన్నారు. తర్వాత నాల్దీని ఇటలీకి తిరిగిపోయి, మిలాన్‌లో అలెస్సాంద్రా బిఫ్ఫీ లాంటి వాళ్ళతో కలిసి మెటాక్రొమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ అనే జబ్బును పట్టుకున్నారు. చేతికొచ్చిన నడక ఒకటిన్నర, రెండేళ్ళకే పోయే జబ్బు అది. మొదటి ముగ్గురు పిల్లల ఫలితాలు 2013లో వచ్చినాయి. యూరప్‌లో 2020 డిసెంబరులో, అమెరికాలో 2024 మార్చిలో అనుమతి దొరికింది. అమెరికాలో దాని ధర 42.5 లక్షల డాలర్లు. మన లెక్కలో 35 కోట్ల పైచిలుకు.

మదనపల్లె_టమోటా · రాత్రి 11.34

35 కోట్లా! తోట కాదు తల్లీ, మా మార్కెట్ యార్డు మొత్తం అమ్మినా చాలదు.

రిటైర్డ్_సైన్సు_సారు · శనివారం ఉదయం 5.40

అమ్మాయీ, బాగా రాశావు. ఒక సందేహం. శరీరంలో కోటానుకోట్ల కణాలు. అన్నిటికీ మంచి జన్యువు ఎక్కించడం అయ్యే పనేనా? కొన్నిటికి ఎక్కిస్తే మిగిలినవాటి గతి ఏమిటి? ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా అడిగే ప్రశ్న ఇది.

మదనపల్లె_టమోటా · ఉదయం 6.15

సార్, తోడు వేసినట్టు కాదా? చెంచా పెరుగు వేస్తే కుండ పాలూ తోడుకుంటాయి.

ల్యాబ్_పిల్ల · ఉదయం 8.02

తోడు కాదన్నా. తోడులో ఉండే బ్యాక్టీరియా పెరుగుతుంది, ఇక్కడ కణం పక్కవాళ్ళకు ఇచ్చేది ఎంజైమ్‌ను మాత్రమే. మన ఊళ్ళల్లో ఎండాకాలం ఒక్కరి బోర్లో నీళ్ళు పడితే వీధంతా బిందెలు ఎత్తుకోని వస్తుంది చూడండి, అట్లా అనుకోండి. బోరు ఒక్కటే, నీళ్ళు పదిళ్ళకు.

సారు అడిగిన ప్రశ్నకు జవాబు 1968లోనే దొరికింది. అమెరికాలో ఎలిజబెత్ న్యూఫెల్డ్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు హర్లర్ అనే లైసోజోమ్ జబ్బు ఉన్న బిడ్డ చర్మ కణాలనూ, హంటర్ అనే ఇంకో లైసోజోమ్ జబ్బు ఉన్న బిడ్డ చర్మ కణాలనూ ఒకే గిన్నెలో కలిపి పెంచినారు. రెండూ జబ్బు కణాలే. కలిపేసరికి రెండూ బాగుపడినాయి! దీని దగ్గర లేనిది దాని దగ్గర ఉంది, దాని దగ్గర లేనిది దీని దగ్గర ఉంది. బయటికి వదిలిన ఎంజైమ్‌ను పక్క కణం లోపలికి తీసుకుంటుందని ఆ గిన్నె చెప్పింది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇదే. పెద్ద యంత్రాలేమీ లేవు.

మరి పక్క కణం ఏది పడితే అది లోపలికి రానిస్తుందా అంటే, లేదు. ఎంజైమ్ మీద మానోస్-6-ఫాస్ఫేట్ అని ఒక గుర్తు ఉండాలి. తిరుమల దర్శనం టోకెన్ లాంటిదే. టోకెన్ ఉంటే నేరుగా లైసోజోమ్ దాకా పంపుతారు. ఐ-సెల్ అని ఒక జబ్బు ఉంది, అందులో ఎంజైమ్‌లన్నీ తయారవుతాయి, టోకెన్ అంటించే కౌంటరే పనిచేయదు. పాపం, అన్నీ రక్తంలో తిరుగుతా ఉంటాయి, లోపలికి మాత్రం పోలేవు.

మూలికల_రాజు · ఉదయం 8.40

(ఈ సందేశాన్ని తొలగించాం.)

వేదిక_కాపలా · ఉదయం 8.52

పొట్ట తగ్గించే చూర్ణాలు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. నాలుగేళ్ళ బిడ్డ ప్రాణం గురించి మాట్లాడుకుంటున్నాం. ఇంకోసారి పెడితే సభ్యత్వం తీసేస్తాం.

పీలేరు_మామ · ఉదయం 9.30

అమ్మాయీ, మా అమ్మకు చదివి వినిపించినాను. టోకెన్ కాడికి వచ్చేసరికి ఆమెకి కూడా అర్థమైంది. అయితే మావోడికి కూడా ఈ టోకెన్ దావలోనే పోవచ్చు కదా?

ల్యాబ్_పిల్ల · ఉదయం 10.10

అక్కడే మెలిక, మామా. నిన్న రాత్రే చెప్పాల్సింది, పడుకున్నాక గుర్తొచ్చింది. గౌచర్ ఎంజైమ్ ఆ టోకెన్ వాడదు. దాన్ని లైసోజోమ్‌కు తీసుకుపోయేది ఇంకో ప్రోటీన్. కణం దాన్ని బయటికి పెద్దగా వదలదు కూడా. అంటే నా బోరు కథ ఈ జబ్బు దగ్గరికి వచ్చేసరికి సగమే నిజం.

కానీ ఇంకో వైపు కలిసొచ్చింది. గౌచర్‌లో చెడేవి ముఖ్యంగా మాక్రోఫేజ్‌లు, అవి పుట్టేది ఎముక మజ్జ నుంచి. మజ్జలోని మూలకణాలను సరిచేస్తే కొత్త మాక్రోఫేజ్‌లు మంచి జన్యువుతోనే పుడతాయి. ఇది ఒక దారి. ఏఏవీ అనే ఇంకో వైరస్‌తో కాలేయానికి జన్యువును పంపి, అక్కడి నుంచి ఎంజైమ్ రక్తంలోకి వదిలేలా చేయడం ఇంకో దారి. రెండూ పెద్దవాళ్ళ మీద ప్రయోగాల్లో చూసినవే, గౌచర్‌కి అనుమతి దొరికిన జన్యు చికిత్స మాత్రం ఇంకా లేదు. నాలుగేళ్ళ బిడ్డకు ఇప్పుడు "డబ్బు కట్టండి, చేస్తాం" అని ఎవరన్నా అంటే ఆ గుమ్మం తొక్కకండి.

అసలు మాట, గౌచర్‌కి మందు ఉంది. అమెరికాలో రాస్కో బ్రేడీ అనే డాక్టరు ఏళ్ళ తరబడి కష్టపడి సాధించినది. మొదట కాన్పులయ్యాక పారేసే మావి నుంచి ఎంజైమ్ తీసేవాళ్ళు. ఆ మందుకు 1991లో అనుమతి వచ్చింది. 1994 నుంచి కణాల్లో పెంచి తీస్తున్నారు. మాక్రోఫేజ్ పట్టుకునేలా దాని చక్కెర గొలుసుల కొసలు కత్తిరించి ఇస్తారు. రెండు వారాలకోసారి సెలైన్‌లాగా ఎక్కించాలి. ప్లీహం తగ్గుతుంది, రక్తం పెరుగుతుంది.

పీలేరు_మామ · ఉదయం 10.25

మందు ఉందని ఒక్కరు కూడా చెప్పలేదే! కాగితం చేతికిచ్చి "ఇది జన్యువుల జబ్బు, పెద్ద ఊరికి పోండి" అన్నారు, అంతే.

కాట్పాడి_బస్సు · ఉదయం 11.00

మందు ఉంది సరే, రేటు చెప్పు అమ్మాయీ. బరువును బట్టి మోతాదు అని విన్నా. బిడ్డ ఒళ్ళు చేస్తే సంతోషపడాలో ఖర్చు పెరిగిందని ఏడవాలో తెలియదు.

ల్యాబ్_పిల్ల · ఉదయం 11.18

నిజమే, కిలోకి ఇన్ని యూనిట్లు అని లెక్క. సొంతంగా కొనుక్కునే మందు కాదు. జాతీయ అరుదైన వ్యాధుల విధానం 2021లో వచ్చింది. దాని కింద గుర్తించిన కేంద్రాల్లో నమోదైన రోగికి 50 లక్షల రూపాయల వరకు ఇస్తారు. గౌచర్ ఆ జాబితాలో ఉంది. మనకు దగ్గర్లో హైదరాబాదులో సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థతో కలిసి నిమ్స్ ఆసుపత్రి, బెంగళూరులో మానవ జన్యు కేంద్రంతో కలిసి ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి. మందు తయారు చేసే కంపెనీలు కొందరు పిల్లలకు ఉచితంగా ఇచ్చే పథకాలూ ఉన్నాయి. అక్కడి డాక్టర్ల ద్వారానే అడగాలి.

50 లక్షలు జీవితాంతానికి చాలవు, నిజం. దాని మీద తల్లిదండ్రులు కోర్టులకు పోయినారు. 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ప్రత్యేక నిధి పెట్టమని ఆదేశించింది. కోర్టుల సంగతి కోర్టులది, మీరు నమోదు ఆలస్యం చేయొద్దు.

ఇంకొకటి. డాక్టరు బిడ్డ కళ్ళు పరీక్ష చేసినారా? గౌచర్‌లో మూడు రకాలు. మెదడును తాకే రకమైతే కళ్ళు చటుక్కున పక్కకి తిప్పలేరు, తలంతా తిప్పుతారు. ఎక్కించే ఎంజైమ్ మెదడుకున్న అడ్డుగోడ దాటదు కాబట్టి ఏ రకమో తెలియడం ముఖ్యం.

పీలేరు_మామ · మధ్యాహ్నం 1.40

పెన్ను ఇటూ అటూ ఆడించి చూసినారు. మావోడు ఆ పెన్ను లాక్కోని ఇవ్వలేదు. కళ్ళు బాగానే తిరుగుతా ఉండాయి అన్నారు, నమోదు చేసేకాడ మళ్ళీ చూస్తారంట.

చంద్రగిరి_కోట · మధ్యాహ్నం 2.15

ఎవరూ అడగడం లేదు, నేను అడుగుతాను. మేనరికమా? మన సీమలో ఈ పిచ్చి వదలనంతవరకు ఇట్లాంటివి వస్తానే ఉంటాయి. చేసుకున్నోళ్ళకు చేసుకున్నంత.

పీలేరు_మామ · మధ్యాహ్నం 2.40

అవును. మా అక్కను మా అమ్మ తమ్ముడికే ఇచ్చినాం. ఆయన నాకు మామ, బావ రెండూ. అక్కకి అప్పుడు పంతొమ్మిది. ఆస్తి బయటికి పోదని, ఆడబిడ్డ కళ్ళెదుట ఉంటుందని పెద్దోళ్ళు చేసినారు. ఇప్పుడు మా అమ్మ తిండి మానేసి "నా తమ్ముడికి నేనే ఇచ్చుకున్నా" అని కూర్చోని ఉంది. మీరు చెప్పే మాట ఆమె రోజుకు పది సార్లు చెప్పుకుంటా ఉంది సార్.

రిటైర్డ్_సైన్సు_సారు · మధ్యాహ్నం 3.05

చంద్రగిరి గారూ, నలభై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి, ప్రమాదం పెరుగుతుంది, నిజం. కానీ ఆ మాట పెళ్ళికి ముందు చెప్పాలి. అప్పుడు మనందరం వెళ్ళి అక్షింతలు వేసి, పప్పన్నం తిని వచ్చాం. నేను కూడా. బయటి సంబంధమైనా ఇద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకపోయినా లోపమున్న జన్యువును మోసేవాళ్ళైతే, బిడ్డకు ఈ జబ్బు రావచ్చు. ఒక్క హంటర్, ఫాబ్రీ లాంటి కొన్ని లైసోజోమ్ జబ్బుల దారి వేరు. వాటిలో లోపం తల్లి ఎక్స్ క్రోమోజోమ్ మీద నుంచి కొడుక్కి వస్తుంది.

మదనపల్లె_టమోటా · మధ్యాహ్నం 3.20

సార్, నాలుగు కాన్పుల్లో ఒకటి అంటారు కదా. ఒకటి అయిపోయింది కాబట్టి ఇంక కడుపులో ఉన్న బిడ్డకి భయం లేదు కదా?

రిటైర్డ్_సైన్సు_సారు · మధ్యాహ్నం 3.31

లేదు నాయనా. గవ్వలు వేసి చూడు. పోయిన పందెంలో ఏం పడిందో గవ్వలకు గుర్తుండదు. ప్రతి కాన్పుకూ మళ్ళీ నాలుగింట ఒకటే.

నీరుగట్టు_మగ్గం · శనివారం రాత్రి 10.50

పొద్దున్నుంచీ చదువుతా ఉన్నా. రాయాలా వద్దా అనుకుంటానే రాత్రయింది.

ల్యాబ్ అమ్మాయి చెప్పిన మెటాక్రొమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ మా పెద్ద పాపకు వచ్చింది. మాది మగ్గాల ఇల్లు. ఏడాదికే నడిచింది, మగ్గం గుంట అంచు పట్టుకోని చుట్టూ తిరిగేది. రెండేళ్ళు నిండక ముందే కుడి చెప్పు ముందు కొస అరగడం మొదలైంది. మడమ కొత్తగా ఉండేది, కొస మాత్రం చిరిగిపోయేది. చెప్పులు మంచివి కావని అంగడివాడితో పోట్లాడి రెండు సార్లు మార్పించుకున్నా. కాలు ఈడుస్తా ఉందని నాకు తట్టలేదు. తర్వాత అరుగు దిగలేకపోయింది, తర్వాత కూర్చోలేకపోయింది, మాట పోయింది. ఆరేళ్ళకు వెళ్ళిపోయింది.

మిలాన్ గురించి నేను అప్పుడే చదివినా, మా తమ్ముడు తెలుగులో చెప్తా ఉంటే రాసుకున్నా. వాళ్ళు బాగుచేసేది ముఖ్యంగా లక్షణాలు మొదలు కాని పిల్లలను. ఎక్కించిన మూలకణాలు మెదడు దాకా చేరి అక్కడ కుదురుకోడానికి నెలలు పడుతుందంట, ఈ జబ్బు అన్ని నెలలు ఆగదు. లక్షణాలు లేని బిడ్డకు జబ్బు ఉందని ఎట్లా తెలుస్తుంది? ఆ పిల్లల్లో శానామందికి అక్కో అన్నో ముందే పడిపోయి ఉన్నారు కాబట్టి తెలిసింది. పెద్ద బిడ్డలు దారి చూపించి పోయినారు, చిన్న బిడ్డలు నడుస్తా ఉన్నారు. అది చదివిన రోజు నేను మగ్గం మీద కూర్చోలేకపోయినా.

రెండో కాన్పుకు మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేసినారు, మూడో నెల దాటక ముందే. దానికి పెద్ద పాప జన్యువులో తప్పు ఎక్కడుందో ముందే కనిపెట్టి ఉంచినారు కాబట్టి సరిపోయింది. చిన్నది బాగుంది. ఇప్పుడు రెండో తరగతి.

పీలేరు తమ్ముడూ, మీ అక్కకి మూడో నెల అన్నావు. తోట సంగతి, వేలూరు సంగతి తర్వాత. మీవోడి రక్తం ఇచ్చి జన్యువులో తప్పు ఏదో తేల్చమను, అక్క గర్భం సంగతి ఆ డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. వారాలు లెక్క పెట్టుకోండి.

పీలేరు_మామ · రాత్రి 11.15

అక్కా, ఏం రాయాలో తెలియడం లేదు. పొద్దున్నే మా అక్క ఇంటికి పోయి చెప్తా.

ల్యాబ్_పిల్ల · రాత్రి 11.40

మగ్గం అక్క చెప్పిందే ముందు చేయండి. నేను వరుస తప్పి ఎంజైమ్ కథలు చెప్పుకుంటా పోయినాను, మూడో నెల అన్న మాట చూసి కూడా వదిలేసినాను. కావాల్సింది జన్యు సలహా ఇచ్చే డాక్టరు.

దారిలో ఒక జాగ్రత్త. ప్లీహం అంత పెరిగిన బిడ్డకు పొట్ట మీద దెబ్బ తగలకూడదు. ఎక్కడం, దూకడం, పిల్లలతో కుస్తీలు వద్దు.

మామా, జన్యు చికిత్స మీద ఆశ వదులుకోమని మాత్రం నేను అనను. హర్లర్ జబ్బున్న ఎనిమిది మంది పిల్లలకు మిలాన్‌లో ఇదే లెంటీవైరస్ పద్ధతిలో చేసి 2021లో ఫలితాలు చెప్పినారు. రక్తంలో ఎంజైమ్ మామూలు మనుషుల కన్నా ఎక్కువ వచ్చింది. అయితే కొత్త కణాలకు చోటు చేయడానికి ముందు బుసల్ఫాన్ అనే ఘాటు మందుతో పాత మజ్జను ఖాళీ చేయాలి, జుట్టు రాలుతుంది, వారాల పాటు గాలి కూడా తగలనివ్వని గదిలో ఉండాలి. ఒక్క ఇంజెక్షన్ అని రాసినవాడు ఆ గది చూసి ఉండడు.

కాట్పాడి_బస్సు · ఆదివారం ఉదయం 7.10

మెసేజు మొదట పెట్టిన చుట్టం ఎవరో కనుక్కోని ఈ చర్చ మొత్తం ఆయనకు పంపు అన్నా. చదవడు, అయినా పంపు.

పీలేరు_మామ · ఆదివారం సాయంత్రం 4.20

పోయినాను. బావ ముందు ఒప్పుకోలేదు, "వేలూరు దగ్గర, హైదరాబాదు దూరం" అంటాడు. మగ్గం అక్క రాసింది మా అక్కే చదివింది, ఆ చెప్పు కొస కాడ ఆగిపోయి, లేచి పోయి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఇంగ బావ ఏం మాట్లాడలేదు. తోట అడ్వాన్సు వెనక్కి ఇచ్చేసినాం. రేపు నారాయణాద్రికి తత్కాల్‌లో నాలుగు టికెట్లు దొరికినాయి. నిమ్స్‌కి దగ్గర్లో రూము ఎవరికన్నా తెలుసా?

మదనపల్లె_టమోటా · సాయంత్రం 4.45

పంజగుట్టలో మా షావుకారు కొడుకు ఉండాడు. నంబరు నీకు విడిగా పంపినా. స్టేషన్‌కి వస్తానన్నాడు.

రిటైర్డ్_సైన్సు_సారు · సాయంత్రం 5.30

పాత రిపోర్టులన్నీ, ఆ ఐరన్ టానిక్కు చీటీలతో సహా, తేదీల వరుసలో పెట్టుకుని వెళ్ళండి. మీ అమ్మగారిని కూడా తీసుకెళ్ళండి. ఎవరెవరికి ఏమవుతారో వంశవృక్షం గీయమంటారు, అది ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆమెకు కూడా చేతిలో ఒక పని ఉంటుంది.

పీలేరు_మామ · సోమవారం రాత్రి 7.05

బండి రేణిగుంట దాటింది. అమ్మ కూడా వచ్చింది, నిన్నటి నుంచి ఈ రోజే అన్నం తినింది. మావోడు పై బెర్తు ఎక్కుతానని ఒకటే పేచీ. అక్క ఎక్కనియ్యలేదు. కింద బెర్తు మీద వాడి చుట్టూ దుప్పట్లు, దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. వాడు ఆ డాక్టరు పెన్ను ఇంకా వదల్లేదు, వంశవృక్షం కాగితం మీద గీతలు గీస్తా ఉండాడు.